300 కాపీలా, 1000 కాపీలా? బ్రిటన్ చిన్న లేబుళ్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

బ్రిటన్‌లో సొంత రికార్డు లేబుల్, అంటే పాటలను వినైల్ రికార్డులుగా వేసి అమ్మే కంపెనీ, పెట్టుకున్నవాళ్లు, పెట్టుకోవాలనుకుంటున్నవాళ్లు రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డబ్బు గురించే. పాటలు బాగుంటే లేబుల్ నిలబడుతుందా అని ఎవరూ అడగలేదు. మంచిదే. అద్భుతమైన పాటలు వేసి కూడా మూతపడ్డ లేబుళ్లు అక్కడ బోలెడు. అవి మునిగింది స్టూడియోలో కాదు, గోడౌన్‌లో.

ప్రశ్న: బ్రిటిష్ ఇండీ (పెద్ద కంపెనీల కింద లేని) లేబుళ్లన్నీ ఒక్క రికార్డుతో, అప్పు డబ్బుతో మొదలయ్యాయంటారు. నిజమా, కట్టుకథా?

చాలావరకు నిజమే. మాంచెస్టర్ బ్యాండ్ బజ్‌కాక్స్ 1977 జనవరిలో న్యూ హార్మోన్స్ అని పేరు పెట్టుకుని నాలుగు పాటల ‘స్పైరల్ స్క్రాచ్’ ఈపీ (చిన్న రికార్డు) తెచ్చింది. ఇంట్లోవాళ్ల దగ్గర, స్నేహితుల దగ్గర చేసిన అప్పు 500 పౌండ్ల చిల్లర. మొదట వేసింది 1000 కాపీలే. అవి అయిపోయాక మళ్లీ వేశారు, అవీ అయిపోతే మళ్లీ వేశారు. అలా 16,000 దాకా పోయాయి. అట్ట మీద ఏ పాట ఎన్నో టేకో, ఎన్ని ఓవర్‌డబ్‌లు (పైన కలిపిన రికార్డింగ్‌లు) చేశారో అచ్చేశారు. మరుసటి ఏడాది స్క్రిట్టి పొలిటి అనే బ్యాండ్ ఇంకో అడుగు ముందుకేసి, తొలి సింగిల్ అట్ట మీద ఏకంగా ఖర్చుల పద్దే వేసేసింది. అది చూసి ‘ఓస్, ఇంతేనా’ అనుకుని దిగినవాళ్లు చాలామంది.

షెఫీల్డ్‌లో వార్ప్ 1989లో మొదలైంది. తొలి రికార్డు 500 కాపీలు. అప్పట్లో నిరుద్యోగులు సొంత వ్యాపారం పెట్టుకుంటే ప్రభుత్వం ఏడాది పాటు వారానికి 40 పౌండ్లు ఇచ్చే ఎంటర్‌ప్రైజ్ అలవెన్స్ పథకం ఉండేది. ఆ డబ్బు వార్ప్‌కు ఆసరా అయింది. ఇప్పుడా పథకం లేదు.

ఇంకో సంగతి గమనించండి. వార్ప్ పుట్టింది రికార్డుల షాపులోంచి. రఫ్ ట్రేడ్ కూడా అంతే: లండన్‌లో షాపు 1976లో, లేబుల్ 1978లో. బెగర్స్ బాంక్వెట్ షాపు 1974లో ఎర్ల్స్ కోర్ట్‌లో తెరిస్తే, లేబుల్ వచ్చింది 1977లో. కౌంటర్ వెనక నిలబడ్డవాళ్లకు ఏ రకం రికార్డు వారానికి ఎన్ని పోతుందో నోటి లెక్క. కొత్తగా దిగేవాళ్లకు లేనిది ఆ లెక్కే.

ప్రశ్న: మాది లీడ్స్. మొదటి ఎల్‌పీకి (పెద్ద రికార్డు) ప్రెస్సింగ్ బ్రోకరు (రికార్డులు వేసే ప్లాంటుకు మధ్యవర్తి) కొటేషన్ ఇచ్చాడు. 300 కంటే 1000 వేయిస్తే కాపీ ధర మూడో వంతు తగ్గుతోంది. 1000కే వెళ్లడం తెలివైన పని కదా?

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. కొటేషన్‌ను రెండుగా చీల్చి చూడండి. లక్కర్ కటింగ్ (పాటను మెత్తటి పూత ఉన్న పళ్లెం మీద గాళ్లుగా కోయడం), ప్లేటింగ్ (దాన్నుంచి లోహపు అచ్చులు తీయడం), టెస్ట్ ప్రెస్సింగ్‌లు (ముందు పరీక్షకు వేసే కాపీలు), అట్ట ముద్రణకు సెటప్: ఇవి ఎన్ని కాపీలు వేసినా ఒకేసారి అయ్యే ఖర్చు. మిగిలింది కాపీకి ఇంత అని పెరిగేది. మాట వరసకు ఒకేసారి ఖర్చు 1200 పౌండ్లు, ఆపైన కాపీకి 5 పౌండ్లు అనుకుందాం, వ్యాట్‌తో కలిపే. 300 వేస్తే మొత్తం 2700, కాపీ 9 పౌండ్లు పడుతుంది. 500 వేస్తే 7.40. 1000 వేస్తే మొత్తం 6200, కాపీ 6.20.

దీనికి మెకానికల్ రాయల్టీ, అంటే పాటను కాపీలు వేసినందుకు రాసినవాళ్లకు ఇచ్చే డబ్బు, కలపాలి. పాట రాసినవాళ్లు ఆ డబ్బు వసూలు చేసే ఎంసీపీఎస్ సంస్థ సభ్యులైతే, షాపులకు వేసే డీలర్ ధరలో 8.5 శాతం కట్టాలి. చిన్న లేబుళ్లకు ఇచ్చే ఏపీ2 లైసెన్స్‌లో ఈ డబ్బు అమ్మినవాటికి కాదు, వేసినవాటికి, అదీ ప్రెస్సింగ్‌కు ముందే కట్టాలి. డీలర్ ధర 13 పౌండ్లైతే కాపీకి 1.10. అంటే 300కి 330, 1000కి 1100.

ఇప్పుడు రాబడి. మీ వెబ్ పేజీలో 22 పౌండ్లకు నేరుగా అమ్మితే, బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట వస్తువులపై 10 శాతం, కార్డు చార్జీలు, అట్టపెట్టె పోను 18 దాకా చేతికొస్తుంది. పోస్టేజీ కొనేవాళ్లే భరిస్తారు. అదే కాపీ డిస్ట్రిబ్యూటర్ ద్వారా షాపుకు వెళ్తే 13లో 28 శాతం ఆయనకు పోగా మీకు 9.36. 300 వేసినప్పుడు రాయల్టీతో కలిపి కాపీ ఖర్చు 10.10, అంటే షాపుకు వెళ్లే ప్రతి కాపీ మీద 74 పెన్నీల నష్టం. కానీ 169 కాపీలు నేరుగా అమ్ముడైతే మొత్తం 3030 పౌండ్లూ తిరిగొచ్చేస్తాయి. మిగతా 131 షాపులకు, రేడియోకు, ఆర్టిస్టుకు ఇచ్చుకోవచ్చు.

1000 వేసి 400 మాత్రమే షాపుల్లో అమ్మారనుకోండి. వచ్చింది 3744, పెట్టింది 7300. ‘చవగ్గా’ వేయించిన 600 కాపీలు ఇంట్లో 24 పెట్టెలై కూర్చుంటాయి, పెట్టెకు 25 లెక్కన. మొత్తం వెయ్యి అయితే పావు టన్ను బరువు పైమాటే. రేడియేటర్ పక్కన పెడితే వంకర పోతాయి, చెమ్మ గదిలో పెడితే అట్టలు బూజు పడతాయి. పరుండబెట్టి పేర్చకండి, నిలబెట్టండి.

300 అయిపోతే ఏం చేయాలి? మళ్లీ వేయండి. లక్కర్, మదర్ ప్లేట్ (మూల లోహపు అచ్చు) ఖర్చు ముందే అయిపోయింది కాబట్టి రెండో విడత ప్రెస్సింగ్ 300కి 1500, పైన రాయల్టీ 330, మహా అయితే కొత్త స్టాంపర్‌కు (కాపీలు నొక్కే అచ్చు) ఇంకొంచెం. చిన్న లేబుల్‌కు అసలు లాభం ఈ రెండో విడతలోనే. అందుకని ఆ మెటల్ పార్ట్స్ ఎవరివో, ఎన్నేళ్లు దాస్తారో బ్రోకరు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. మొదటి విడతకు ప్రీ-ఆర్డర్లు పెట్టి, 100 దాటాకే ప్రెస్సింగ్‌కు డబ్బు కడితే ఇంకా నిశ్చింత. తేదీ ప్రకటించేముందు ప్లాంటు క్యూ కనుక్కోండి. ఏప్రిల్‌లో రికార్డ్ స్టోర్ డే (రికార్డు షాపుల పండగ) ముందు, క్రిస్మస్ ముందు చిన్న ఆర్డర్లు వెనక్కి జరుగుతాయి.

ప్రశ్న: 5 టెస్ట్ ప్రెస్సింగ్‌లు వచ్చాయి. ఎ వైపు మొదటి పాటలో టక్ టక్ మని శబ్దం. బి వైపు చివరి పాటలో ‘స’ వచ్చినచోటల్లా బుస్సుమంటోంది. ప్లాంటువాళ్లు మామూలే అంటున్నారు. ఒప్పుకోవాలా?

రెండూ వేర్వేరు జబ్బులు. ఒకదానికి బాధ్యత ప్లాంటుది, రెండోదానికి బహుశా మీదే.

టక్ టక్ సంగతి ముందు. డిస్కు శుభ్రం చేసి, వీలైతే ఇంకో సూదితో వినండి. 33⅓ వేగంలో ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది. శబ్దం సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తే గాళ్లకు అడ్డంగా గీతో, పొక్కో ఉందన్నమాట. ఇక అయిదు కాపీలూ అదే చోట వినండి. ఒక్కదాంట్లోనే ఉంటే ఆ డిస్కు మీద పడ్డ మచ్చ, వదిలేయొచ్చు. అయిదింట్లోనూ అదే చోట ఉంటే తప్పు స్టాంపర్‌లోనో అంతకుముందు దశలోనో ఉంది, వేసే ప్రతి కాపీలోనూ వస్తుంది. కోసిన లక్కర్ మీద వెండి పూత పూసి, నికెల్ ఎక్కించి ఫాదర్ తీస్తారు, దాన్నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్. మదర్ బాగుంటే కొత్త స్టాంపర్‌తో పోతుంది. మదరే చెడితే ఇంకో మదర్ తీయాలి. ప్లాంటుకు ‘సౌండ్ బాగోలేదు’ అని రాస్తే లాభం లేదు. ‘ఎ వైపు, 0:41 నుంచి 0:58, 1.8 సెకన్లకోసారి, అయిదింటికి అయిదు’ అని రాయండి. మళ్లీ తీసి ఇచ్చే బాధ్యత అప్పుడు వాళ్లదవుతుంది.

బుస్సుమనడం వేరు. డిస్కు తిరిగే వేగం ఒకటే అయినా, అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు జరిగితే, మధ్యలోని లేబుల్ కాగితం దగ్గరకొచ్చేసరికి 21 సెంటీమీటర్లే. అదే ‘స’ సగం కన్నా తక్కువ చోటులో ఇరుక్కుంటుంది, సూది దాన్ని సరిగా చదవలేదు. ఇలాంటి పాటను వైపు చివర పెట్టడమే పొరపాటు. వరస మార్చి నెమ్మది పాటను చివరకు తేవాలి, లేదా డీ-ఎస్సర్ (‘స’ శబ్దాన్ని తగ్గించే పరికరం) వేసి మాస్టర్ (చివరి రికార్డింగ్) మార్చి మళ్లీ కోయించాలి. రీకట్ ఖర్చు మీరే పెట్టుకోవాల్సి రావచ్చు. మీ బి వైపు నిడివి ఎంతో రాయలేదు. 12 అంగుళాల ఎల్‌పీకి ఒక్కో వైపు 18 నుంచి 20 నిమిషాలు హాయి. 22 దాటితే గాళ్లు దగ్గరపడి లెవెల్ తగ్గించక తప్పదు. బేస్ (లోతు స్వరాలు) మోనోలో, అంటే రెండు వైపులా ఒకేలా, ఉందో లేదో కూడా చూసుకోండి. ఎడమ, కుడి బేస్ ఎదురెదురు ఫేజ్‌లో ఉంటే సూది గాడి నుంచి ఎగురుతుంది.

ఇంకో రెండు పరీక్షలు: పియానో స్వరం సాగి వంకర్లు పోతూ, ఆర్మ్ అటూ ఇటూ ఊగుతుంటే మధ్య రంధ్రం పక్కకు పడింది. గుడ్డ చింపినట్టు చర్‌మంటే పీవీసీ గాడి నిండా చేరలేదు, దాన్నే నాన్-ఫిల్ అంటారు. రెంటికీ ‘మామూలే’ అన్న జవాబు ఒప్పుకోకండి.

ప్రశ్న: ఆర్టిస్టు స్నేహితుడే. కాగితం అవసరమా? మాంచెస్టర్ లేబుల్ ఫ్యాక్టరీ రికార్డ్స్‌కు అసలు ఒప్పందాలే లేవంటారుగా.

ఫ్యాక్టరీని చూపించి కాగితం మానేసేవాళ్లు దాని ముగింపు కూడా చదవాలి. 1992లో అది అప్పుల్లో పడ్డప్పుడు లండన్ రికార్డ్స్ అనే కంపెనీ కొనబోయింది. తీరా చూస్తే రికార్డింగ్‌ల మీద హక్కు ఆర్టిస్టులదేననీ, కంపెనీకి ఏమీ లేదనీ రాసుకున్న కాగితం బయటపడింది. అమ్మడానికి ఆస్తి లేని కంపెనీని ఎవరు కొంటారు? అదే ఏడాది నవంబర్‌లో మూతపడింది. ఆర్టిస్టు వైపు నుంచి చూస్తే అది గొప్ప న్యాయం, లేబుల్ వైపు నుంచి చూస్తే ఉరితాడు.

చిన్న లేబుల్‌కు మధ్యేమార్గం ఉంది: హక్కు ఆర్టిస్టు దగ్గరే ఉంచి, లేబుల్‌కు లైసెన్స్ తీసుకోవడం. రెండు పేజీలు చాలు. ఎన్నేళ్లు (5 నుంచి 7 మామూలు), ఏ దేశాల్లో, వినైల్ ఒక్కటేనా డిజిటల్ కూడానా, లెక్కలు ఏ నెలల్లో చూపిస్తారు, గడువు ముగిశాక మిగిలిన కాపీలు ఎన్నాళ్లలో అమ్ముకోవాలి. డబ్బు పంపకం ‘ఖర్చులు పోను సగం సగం’ అని చాలామంది రాసుకుంటారు, కానీ తగాదాలు వచ్చేది ‘ఖర్చులు’ అన్న మాట దగ్గరే. వీడియో ఖర్చా? పీఆర్ మనిషి ఫీజు? లండన్ వెళ్లొచ్చిన రైలు టికెట్లు? ఏవి లెక్కలోకి వస్తాయో పేరుపేరునా రాయండి, 100 పౌండ్లు దాటే ఏ ఖర్చుకైనా ముందు ఇద్దరూ సరేననాలని ఒక వాక్యం చేర్చండి. బ్రిటన్‌లో విడుదలైన రికార్డింగ్ మీద కాపీరైట్ 70 ఏళ్లు. స్నేహం అంతకాలం ఉంటుందనే కోరుకుందాం.

ప్రశ్న: పీఆర్‌ఎస్‌లో చేరాం. రేడియోలో పాట వచ్చింది కూడా. లేబుల్‌కు పైసా రాలేదేం?

పీఆర్‌ఎస్ ఇచ్చేది పాట రాసి, స్వరపరిచినవాళ్లకు. రికార్డింగ్ తాలూకు రేడియో డబ్బు వేరు, అది పీపీఎల్ అనే సంస్థ దగ్గర ఉంటుంది: సగం హక్కుదారుకు, సగం పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు. చేరడానికి రుసుం లేదు. లేబుల్ హక్కుదారుగా, ఆర్టిస్టు పెర్ఫార్మర్‌గా విడివిడిగా చేరాలి. ఒక్క పాటకు తబలా వాయించి వెళ్లినవాళ్ల పేరు కూడా నమోదు చేయాలి.

బ్రిటన్‌లో ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగ్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) కూడా పీపీఎల్ నుంచే వస్తుంది. 12 అక్షరాలు: దేశానికి 2, మీకు కేటాయించిన ముద్ర 3, ఏడాదికి 2, వరస సంఖ్య 5. రీమిక్స్‌కు కొత్త కోడ్ ఇవ్వాలి, అదే రికార్డింగ్ ఇంకో సంకలనంలో వస్తే పాత కోడే ఉంచాలి. మీ డబ్బు ఆగిపోవడానికి ఒక కారణం ఇదై ఉండొచ్చు: స్ట్రీమింగ్‌కు ఎక్కించేటప్పుడు కోడ్ గడి ఖాళీగా వదిలేస్తే డిజిటల్ డిస్ట్రిబ్యూటర్ సొంతంగా ఒకటి తగిలిస్తాడు. అప్పుడు ఒకే పాటకు రెండు కోడ్‌లై లెక్కలు కలవవు.

ప్రశ్న: డిస్ట్రిబ్యూటర్‌ను ఎప్పుడు పట్టుకోవాలి?

నేరుగా 300 అమ్మగలిగి, ఏడాదికి కనీసం మూడు నాలుగు రికార్డులు వేసే స్థితి వచ్చాక. ఒక్క రికార్డు లేబుల్‌ను వాళ్లూ పట్టించుకోరు.

ఈ రంగంలో చాలా లేబుళ్లు పడిపోయింది సొంత తప్పుల వల్ల కాదు, డిస్ట్రిబ్యూటర్ పడిపోవడం వల్ల. 80లలో రఫ్ ట్రేడ్, యార్క్‌లో రెడ్ రైనో, బ్రిస్టల్‌లో రివాల్వర్, లివర్‌పూల్‌లో ప్రోబ్, నారిచ్‌లో బ్యాక్స్ లాంటి షాపులు కలిసి కార్టెల్ అనే పంపిణీ వలయం నడిపాయి. ఊరూరా చిన్న లేబుళ్ల రికార్డులు దొరికాయంటే ఆ వలయం పుణ్యమే. 1991లో రఫ్ ట్రేడ్ డిస్ట్రిబ్యూషన్ కూలింది. 2008 డిసెంబర్‌లో పినకిల్ అనే డిస్ట్రిబ్యూటర్ కూలింది. 2011 ఆగస్టు అల్లర్లలో ఎన్‌ఫీల్డ్‌లోని సోనీ గోడౌన్ తగలబడితే, పియాస్ అనే డిస్ట్రిబ్యూటర్ ద్వారా అక్కడ సరుకు పెట్టుకున్న 150కి పైగా ఇండీ లేబుళ్ల స్టాకు బూడిదైంది.

కాబట్టి ఒప్పందంలో సరుకు అమ్ముడై డబ్బు చేరేదాకా మీదేనని రాయించుకోండి. అది లేకపోతే దివాలా రోజున మీ పెట్టెలు మీవని నిరూపించడం కష్టం. అమ్ముడైన సరుకు బాకీ మాత్రం ఎలాగూ అప్పులవాళ్ల వరసలో చివరే. మొత్తం స్టాకు ఒకేచోట పెట్టకండి, మూడో వంతు మీ దగ్గరే ఉండాలి. బీమా ఎవరిదో, ఏ ధరకో అడగండి. సేల్ ఆర్ రిటర్న్ పద్ధతిలో షాపులు వెనక్కి పంపే హక్కు ఉంటుంది గనక, ‘200 పోయాయి’ అన్న మొదటి నెల స్టేట్‌మెంట్ చూసి రీప్రెస్‌కు ఆర్డర్ ఇవ్వకండి. మూడు నెలలకు అందులో 60 తిరిగొస్తే, మీరు మళ్లీ వేయించింది మీ పాత కాపీలనే.

ప్రశ్న: యూరప్ ఆర్డర్లు బ్రెగ్జిట్ తర్వాత ఏం చేస్తున్నారు?

ప్రతి పార్సిల్‌కూ కస్టమ్స్ ఫారం తప్పదు, వినైల్‌కు హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకం సంఖ్య) 8523.80. 150 యూరోల లోపు పార్సిళ్లకు వ్యాట్ ముందే వసూలు చేసే ఐఓఎస్‌ఎస్ నంబరు లేకపోతే, కొన్నవాళ్లు గుమ్మం దగ్గర వ్యాట్, దానిపై పోస్టల్ చార్జీ కట్టాలి. చాలామంది కట్టరు, పార్సిల్ మూలలు నలిగి మీ దగ్గరకే వస్తుంది. 2024 డిసెంబర్ 13 నుంచి వస్తువుల భద్రత నిబంధన కింద అక్కడ ఒక బాధ్యుడి చిరునామా కూడా చూపించాలి. యూరప్ ప్లాంటులోనే వేయిస్తుంటే, అక్కడి ఆర్డర్ల వాటా అక్కడి గోడౌన్‌లోనే వదిలేయండి. ఇంగ్లిష్ ఛానల్ రెండుసార్లు దాటించడం దండగ.

ప్రశ్న: పెద్ద కంపెనీ వాటా అడిగితే ఇవ్వొచ్చా? ఎదగడానికి వేరే దారి ఉందా?

క్రియేషన్ లేబుల్ 1983లో పుట్టి 1992లో 49 శాతం సోనీకి ఇచ్చింది, 1999లో ముగిసింది. మ్యూట్ లేబుల్‌ను 2002లో ఈఎంఐ కొంది, 2010లో మళ్లీ స్వతంత్రంగా నిలబడింది. డబ్బు అవసరమై ఇచ్చినవాళ్లను తప్పుపట్టలేం. అయితే నిదానంగా ఎదిగినవాళ్లను ఎక్కువ గమనించండి. 1993లో మొదలైన డొమినో తొలినాళ్లలో సెబడో లాంటి అమెరికన్ బ్యాండ్ల రికార్డులను లైసెన్స్ తీసుకుని బ్రిటన్‌లో వేసింది. రికార్డింగ్ ఖర్చు లేదు, ప్రెస్సింగ్ ఖర్చే. డొమినో బ్యాండ్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌కు మెర్క్యురీ ప్రైజ్ (బ్రిటన్‌లో ఏటా ఇచ్చే ఆల్బమ్ బహుమతి) వచ్చింది 2004లో, అంటే 11 ఏళ్లకు. బెగర్స్ కింద 4ఏడీ 1980లో, ఎక్స్‌ఎల్ 1989లో వచ్చాయి. ఎక్స్‌ఎల్‌కు గాయని అడెల్ ఆల్బమ్ ‘21’ దక్కింది 2011లో. ఇన్నేళ్లూ అద్దె కట్టింది పాత కేటలాగే, అంటే ఇదివరకు వేసిన రికార్డులే. మీ పదో రికార్డు వచ్చే నెలలో మొదటి రికార్డు కూడా పది కాపీలు పోతుంటే మీరు ఎదుగుతున్నట్టే.

ప్రశ్న: రికార్డు చివర గాళ్లు లేని చోట ఏదైనా గీయించుకోవచ్చా? కటింగ్ ఇంజనీరు అడిగాడు.

నిరభ్యంతరంగా, పదో పన్నెండో మాటలు. కానీ అదే చోట మాట్రిక్స్ నంబరు కూడా ఉంటుంది: కేటలాగ్ నంబరు, పక్కన ఎ లేదా బి. లేబుల్ కాగితం మీద, అట్ట మీద, ఆర్డర్ ఫారం మీద అక్షరం పొల్లుపోకుండా అదే ఉండాలి. ప్రెస్ దగ్గర నిలబడ్డ మనిషి పాట వినడు, ఆ నంబరు చూసే ఏ వైపు ఏ లేబుల్ పెట్టాలో తేల్చుకుంటాడు. టెస్ట్ ప్రెస్సింగ్‌లకు తెల్ల లేబులే ఉంటుంది కాబట్టి ఈ తప్పు అప్పుడు కనబడదు. 300 కాపీలు ఇంటికొచ్చాక ఎ మీద బి ఉందని తెలుస్తుంది.